చెల్కలో మొక్కకు శాస్త్రీయ నామం తేల్చడం ఎలా? తంగేడుతో మొదలుపెట్టండి

శాస్త్రీయ నామాలంటే బైపీసీ పిల్లలకు టెన్షన్. పేరు ముందు బట్టీ పట్టి, మొక్కను తర్వాత చూడడమో అసలు చూడకపోవడమో దీనికి కారణం. వర్గీకరణ చేసేవాళ్లు దీనికి తలకిందులుగా పనిచేస్తారు. ముందు మొక్కను చేతిలోకి తీసుకుంటారు, పువ్వు కోసి చూస్తారు, కుటుంబం (ఫ్యామిలీ) తేలుస్తారు, ఆ తర్వాత ప్రజాతి (జీనస్), జాతి (స్పీషీస్). పేరు ఆఖర్న వస్తుంది. వరంగల్, హనుమకొండ, ములుగు చుట్టుపక్కల ఏ చెల్క గట్టు మీదైనా మీరూ ఈ పని చేయొచ్చు. భాద్రపదం చివర, బతుకమ్మ రోజులకు కాస్త ముందు మొదలుపెడితే మేలు. వానలకు మొక్కలన్నీ ఎదిగి పూత మీద ఉంటాయి.

కావాల్సినవి తక్కువే. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్, కొత్త బ్లేడు, సూది, స్కేలు, పెన్సిల్, నోట్‌బుక్, పాత న్యూస్‌పేపర్లు. ఫోన్ ఎలాగూ జేబులో ఉంటుంది. దాన్ని మాత్రం కాసేపు అక్కడే ఉంచండి.

ఒక మాట ముందే చెప్తాను. శాస్త్రీయ నామాలను రోమన్ లిపిలోనే రాయాలి. ఇక్కడ పలకడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. నోట్‌బుక్‌లో మీరు అలా రాయకండి.

మొక్కను ఎంచుకోవడం

బంతి, చామంతితో మొదలుపెట్టకండి. మనం ఒక పువ్వు అనుకునే బంతి నిజానికి ఒకే కాడ మీద కూర్చున్న బోలెడు చిన్న పూల గుంపు. పైగా నర్సరీల్లో మనుషులు ఏరి ఏరి పెంచిన రకాలవి. ముద్దబంతి కోసి లెక్కపెట్టబోతే మొదటి రోజే విసుగొస్తుంది. బజారులో కొన్న గునుగు కట్ట కూడా పనికిరాదు. ఆకులు దూసేసి ఉంటాయి, రంగులో ముంచినవైతే అసలు రంగే తెలియదు.

నా సలహా తంగేడు. రాష్ట్ర పుష్పమని కాదు, పువ్వు పెద్దది, భాగాలు విడివిడిగా కనిపిస్తాయి, బ్లేడు తిరగని చేతికి కూడా లొంగుతుంది. పైగా ఒకే పొదలో మొగ్గ, పువ్వు, కాయ మూడూ దొరుకుతాయి. ఈ మూడూ ఉన్న కొమ్మే తెంపండి. పువ్వు ఒక్కటే తెచ్చుకుంటే సగం దారిలో ఆగిపోతారు.

చేను గట్టు మీదిదైతే రైతును అడిగి తెంపండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపొద్దు, ఫోటోతో సరిపెట్టుకోండి. మందు కొట్టిన పత్తి చేలో కలుపు మొక్కల జోలికి వెళ్లకండి.

అక్కడే రాసుకోవాల్సినవి

మొక్క ఎండితే రంగు పోతుంది, వాసన పోతుంది, ఎత్తు ఎలాగూ తెలియదు. కాబట్టి ఇవి అక్కడికక్కడే రాయాలి. చెట్టా, పొదా, నేల మీద పాకేదా? ఎంత ఎత్తు? నల్లరేగడా, ఎర్ర చెల్కా, చెరువు శిఖమా? పువ్వు రంగు, ఆకు నలిపితే వచ్చే వాసన, చుట్టూ ఏ మొక్కలున్నాయి. తేదీ, ఊరు, మండలం, జిల్లా.

ఊళ్లో ఆ మొక్కను పిలిచే పేరు కూడా రాయండి. అక్కడ పనిచేసేవాళ్లు ఏ పేరు చెప్తే అదే, వాళ్ల పలుకులోనే. కానీ దాని మీద ఆధారపడి కుటుంబం ఊహించకండి. వేప, తురక వేప, కరివేప మూడింటిలోనూ వేప ఉంది. మొదటి రెండూ మీలియేసీ కుటుంబంలోవే అయినా ప్రజాతులు వేరు. కరివేప అసలు ఆ కుటుంబమే కాదు, అది నిమ్మ, బత్తాయిల బంధువు, రూటేసీ. ఆకును వెలుగుకు పట్టి లెన్స్‌తో చూస్తే నూనె గ్రంథులు చుక్కల్లా కనిపిస్తాయి. నిమ్మాకులోనూ అవే చుక్కలు. గోరింట, ముళ్ళగోరింట సంగతీ అంతే. చేతులకు పెట్టుకునే గోరింట లిత్రేసీ, పసుపు పూల ముళ్ళగోరింట అకాంథేసీ.

పువ్వు కోసి చూడడం

ఈ మెట్టు మీద ఎంత సేపు కూర్చుంటే అంత మంచిది. తంగేడు కొమ్మను ముందు పెట్టుకుని ఆకుతో మొదలుపెట్టండి. మనం ఆకు అనుకునే చిన్న చిన్న పలకలు ఆకులు కావు, పత్రకాలు. అవన్నీ కలిసి ఒక్క సంయుక్త పత్రం. నడిమి ఈనె మీద, ఒక్కో జత పత్రకాల మధ్య సన్నని బొడిపెలాంటి గ్రంథి ఉంటుంది. లెన్స్ పెట్టి చూడండి, ప్రతి జత దగ్గరా ఉందో లేదో లెక్కపెట్టండి. తర్వాత ఆకు కాడ కొమ్మకు తగిలే చోటుకు రండి. అక్కడ రెండు పక్కలా వెడల్పుగా, చెవి ఆకారంలో ఆకుపచ్చ రేకులుంటాయి. ఇవి పత్రపుచ్ఛాలు. చాలా మొక్కల్లో ఇవి సన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి. తంగేడులో పెద్దవిగా ఉండి నిలిచిపోతాయి. తంగేడు శాస్త్రీయ నామంలో రెండో మాట ఆరిక్యులేటా, అది వచ్చింది ఈ చెవుల నుంచే.

ఇక పువ్వు. బయట ఐదు రక్షకపత్రాలు, అన్నీ ఒకే సైజు కావు. లోపల ఐదు పసుపు ఆకర్షణపత్రాలు, అంచు ముడతలు, మీద నారింజ రంగు ఈనెలు. ఒక పెద్ద మొగ్గను తీసుకుని సూదితో మెల్లగా విప్పండి. పైనున్న ఆకర్షణపత్రం మిగతా వాటికి లోపలగా ఉందా, బయటగా ఉందా? తంగేడులో లోపల ఉంటుంది. చిక్కుడు, కంది మొగ్గల్లో పైది బయట ఉండి మిగతా వాటిని కప్పుతుంది. ఈ చిన్న తేడా మీదే ఉపకుటుంబాలు విడిపోతాయి కాబట్టి బొమ్మ గీసి పెట్టుకోండి.

కేసరాలు పది. కానీ పదీ ఒకలా ఉండవు. పైన మూడు చిన్నవి, వాటికి పుప్పొడి ఉండదు. కింది వైపున్నవి పెద్దవి, పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, వంగి ఉంటాయి. వాటి కొసను లెన్స్ కింద చూడండి. చాలా పూలలో పరాగకోశం నిలువునా చీలుతుంది, ఇందులో కొసన సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి. పుప్పొడి దులపాలంటే ఎవరో ఒకరు కదిలించాలి. పొద్దున పూట పొద దగ్గర నిలబడితే నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని జుయ్యిమని ఒళ్లు అదిలించడం కనిపిస్తుంది, ఆ అదురుకే పుప్పొడి రాలుతుంది. ఇది నోట్స్‌లో రాయకపోయినా ఫర్వాలేదు, చూడకుండా మాత్రం రాకండి.

మధ్యలో ఒకే అండాశయం, వంగి, కాడతో. కాయ పలచగా, కాగితంలా, గింజలున్న చోట ఉబ్బి ఉంటుంది.

కుటుంబం పట్టడం

జాతిని నేరుగా వెతికితే వేల పేర్లలో తప్పిపోతారు. కుటుంబం తేలితే వెతకాల్సింది చాలా తగ్గుతుంది. ఒకే ఫలదళంతో (కార్పెల్, అండాశయం కట్టే భాగం) ఏర్పడిన అండాశయం, అది కాయగా మారితే చిక్కుడు కాయ లాంటి నిర్మాణం, సంయుక్త పత్రాలు, పత్రపుచ్ఛాలు. ఇవన్నీ కలిస్తే ఫాబేసీ. పై ఆకర్షణపత్రం మొగ్గలో లోపల ఉంది కాబట్టి సీసల్పినియాయిడే ఉపకుటుంబం. పాత పుస్తకాల్లో దీన్నే సీసల్పినియేసీ అని వేరే కుటుంబంగా రాశారు, అది చూసి కంగారు పడకండి. మొక్కల కుటుంబం పేరు ఏసీ అని ముగిస్తుంది, దాని మీది క్రమం పేరు ఏలీస్ అని. ఫాబేసీ కుటుంబం ఫాబేలీస్ క్రమంలోది. జంతువుల కుటుంబమైతే ఇడే. తోక చూసి ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవచ్చు.

కుటుంబాలన్నీ నేర్చుకోనక్కర్లేదు. మన చుట్టూ తరచూ కనిపించేవి ఓ పది పన్నెండు పట్టుకుంటే చాలా పని అయిపోతుంది. మందార, బెండ, పత్తి మూడింటి పూలూ పక్కపక్కన పెట్టి కోయండి, కేసరాలన్నీ గొట్టంలా కలిసిపోయి కీలం (అండాశయం మీది కాడ) చుట్టూ నిలబడి ఉంటాయి. ఇది మాల్వేసీ. గుమ్మడిలో మగపువ్వు, ఆడపువ్వు వేరు, ఆడపువ్వు కిందే పిందె కనిపిస్తుంది. ఇది కుకుర్బిటేసీ. మిరప, వంగ, టమాట సోలనేసీ.

గునుగు మీద కాస్త ఆగాలి, ఇది తంగేడు తర్వాత చేయదగ్గ మంచి పని. మక్క చేనులో, పత్తి చేనులో కలుపుగా మొలిచే మొక్కనే ఆకులతో సహా తెచ్చుకోండి. వెండి రంగు కంకిలోంచి ఒక్క పువ్వును సూదితో విడదీస్తే ఐదు ఎండు పొరల్లాంటి రేకులు, ఐదు కేసరాలు, వాటి కాడలు అడుగున పలచని గిన్నెలా కలిసి ఉండడం లెన్స్‌లో కనిపిస్తుంది. ముదిరిన కాయ పైభాగం మూతలా ఊడి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. తోటకూర గింజలు గుర్తొస్తే సరిగ్గానే గుర్తొచ్చాయి, రెండూ అమరాంథేసీ. అయితే తోటకూర కాయలో ఒకే గింజ, గునుగులో కొన్ని. ప్రజాతి అక్కడే వేరైంది. గునుగు పేరు సెలోసియా అర్జెన్షియా. తోటల్లో పెంచే ఎర్రని పట్టుకుచ్చును లిన్నేయస్ (రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త) వేరే జాతిగా పేరు పెట్టాడు, ఇప్పుడు ఎక్కువమంది దాన్ని గునుగులోనే ఒక రకంగా లెక్కేస్తారు. ఏది వేరే జాతి, ఏది రకం అన్న తగువు వర్గీకరణలో ఎప్పుడూ ఉండేదే.

కీ వాడడం

వర్గీకరణ పుస్తకాల్లో కీ అంటే రెండేసి ప్రశ్నల వరుస. ప్రతి చోటా రెండు దారులు, మీ మొక్కకు సరిపోయే దారి పట్టుకుని వెళ్లాలి. మన దగ్గర తంగేడుతో పోలిక ఉన్న పసుపు పూల మొక్కలు ఐదింటికి చిన్న కీ ఇస్తున్నాను, పట్టుకుని పొలానికి వెళ్లండి.

1. చెట్టు అయితే 2కి వెళ్లండి. పొద లేదా చిన్న మొక్క అయితే 3కి.

2. పూలగుత్తులు కిందికి వేలాడుతూ, కాయ పొడవుగా గుండ్రంగా ఉంటే రేల, కాసియా ఫిస్టులా. పూలగుత్తులు పైకి నిలబడి, కాయ బల్లపరుపుగా ఉంటే సీమ తంగేడు, సెన్నా సియామియా.

3. ప్రతి జత పత్రకాల మధ్యా గ్రంథి, చెవుల్లాంటి పెద్ద పత్రపుచ్ఛాలు ఉంటే తంగేడు, సెన్నా ఆరిక్యులేటా. అలా లేకపోతే 4కి.

4. ఆకు కాడ అడుగున ఒకే గ్రంథి, పత్రకాల కొస మొన తేలి ఉంటే కసింద, సెన్నా ఆక్సిడెంటాలిస్. పత్రకాలు మూడు జతలే, కొస గుండ్రం, కింది జతల మధ్య గ్రంథులు ఉంటే తగిరిస, సెన్నా టోరా.

రేల ఒక్కటే కాసియాలో ఎందుకు మిగిలింది అని అడుగుతారేమో. రేల పువ్వులో కింది మూడు కేసరాల కాడలు చాలా పొడవు, వంకర తిరిగి బయటికి వస్తాయి. సెన్నాల్లో అలా ఉండవు. ఒకప్పుడు ఈ ఐదూ కాసియానే. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని విడగొట్టాక తంగేడు మళ్లీ సెన్నాలోకి వచ్చింది. మీ పాత గైడులో కాసియా ఆరిక్యులేటా అని ఉంటే తప్పు అచ్చు కాదు, పాత పేరు.

కీలో ఏ ప్రశ్న దగ్గరైనా రెండు దారులూ సరిపోతున్నట్టు అనిపిస్తే రెండింటిలోనూ వెళ్లి చూడండి. ఇప్పుడు ఫోన్ తీయొచ్చు. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లు బాగానే పనిచేస్తాయి, కానీ అవి చెప్పేది సలహా. కుటుంబం మీకు ముందే తెలిసి ఉంటే యాప్ పొరబడినప్పుడు వెంటనే పట్టుకుంటారు.

పేరు రాయడం

రెండు మాటలు. మొదటిది ప్రజాతి, పెద్ద అక్షరంతో మొదలవుతుంది. రెండోది జాతి, మొత్తం చిన్న అక్షరాలు, అది ఊరి పేరు మీదో మనిషి పేరు మీదో వచ్చినా సరే. అచ్చులో వాలు అక్షరాలు. చేత్తో రాస్తే రెండు మాటల కింద విడివిడిగా గీత గీయాలి, ఒకే గీత లాగితే పరీక్షలో మార్కు పోతుంది. ఒకసారి పూర్తిగా రాశాక రెండోసారి ప్రజాతికి మొదటి అక్షరం, చుక్క చాలు.

చివర పేరు పెట్టినవాళ్లను రాస్తారు. తంగేడుకు ఇలా ఉంటుంది: సెన్నా ఆరిక్యులేటా, బ్రాకెట్లో ఎల్, బయట రాక్స్‌బ్. ఎల్ అంటే లిన్నేయస్. ఆయన ఈ మొక్కను కాసియాలో పెట్టాడు. రాక్స్‌బ్ అంటే విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో తోట పెట్టి కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేసిన వైద్యుడు. ఆయన దాన్ని సెన్నాలోకి మార్చాడు, ఆ పేరే 1982 తర్వాత మళ్లీ వాడుకలోకి వచ్చింది. బ్రాకెట్ కనిపించిందంటే జాతి ఒక ప్రజాతి నుంచి ఇంకో ప్రజాతికి మారిందని అర్థం. గునుగుకు బ్రాకెట్ లేదు, లిన్నేయస్ పెట్టిన చోటే ఉంది.

జంతువులకు వేరే నియమావళి. అక్కడ పేరు పక్కన సంవత్సరం కూడా రాస్తారు, మార్చినవాళ్ల పేరు రాయరు. మొక్కల పేర్లకు లెక్క 1753లో వచ్చిన లిన్నేయస్ పుస్తకం స్పీషీస్ ప్లాంటారమ్ నుంచి మొదలవుతుంది, జంతువులకు 1758 నుంచి. మన చుక్కల జింక పేరు ఆక్సిస్ ఆక్సిస్, రెండు మాటలూ ఒకటే. జంతువుల్లో ఇది చెల్లుతుంది, మొక్కల్లో చెల్లదు.

మిరప రైతులకు ఒక మాట. భౌగోళిక గుర్తింపు ఉన్న వరంగల్ చపాటా అయినా, ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వచ్చే తేజ అయినా జాతి ఒక్కటే, కాప్సికమ్ అన్యుమ్. సాగు రకం పేరు రాయాలంటే జాతి తర్వాత, వాలు లేకుండా, ఒంటి కోట్స్‌లో పెట్టాలి.

పేరు మారిందేమో చూసుకోవడం

పుస్తకంలో దొరికిన పేరును లేబుల్ మీద ఎక్కించే ముందు ఒకసారి సరిచూడండి. లండన్‌లోని క్యూ తోట వాళ్లు ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే సైటు ఉచితంగా నడుపుతున్నారు. పాత పేరు కొడితే ఇప్పుడు ఒప్పుకుంటున్న పేరు చూపిస్తుంది.

అక్కడ మన చెట్లకు ఏం జరిగిందో చూస్తే ఆశ్చర్యపోతారు. నల్ల తుమ్మ ఇన్నేళ్లూ అకేసియా నిలోటికా. ఒక రకంగా అకేసియా అనే ప్రజాతికి ఆధారమే ఆ చెట్టు. ప్రజాతి ఒకటి కాదు, చాలా ఉన్నాయని తేలాక పాత పేరు ఎవరికి అన్న గొడవ వచ్చింది. ఆస్ట్రేలియాలో ఆ గుంపు చెట్లు వెయ్యికి దగ్గర, అన్నింటికీ కొత్త పేర్లు పెట్టలేమన్నారు. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆస్ట్రేలియా వైపు మొగ్గింది, 2011లో మెల్‌బోర్న్ సభ దాన్ని ఖాయం చేసింది. మన తుమ్మ వాచెల్లియా నిలోటికా అయింది, సండ్ర సెనెగలియా కటెచు అయింది. నాకైతే తుమ్మకు అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది, కానీ లేబుల్ మీద వాచెల్లియా అనే రాయాలి.

దసరా నాడు మొక్కే జమ్మి, రోడ్ల పక్కన కమ్ముకున్న సర్కారు తుమ్మ నిన్నమొన్నటిదాకా ఒకే ప్రజాతి, ప్రోసోపిస్. 2022లో దాన్నీ విడగొట్టారు. జమ్మి ప్రోసోపిస్ సినరేరియాగానే ఉంది, సర్కారు తుమ్మ నెల్టుమా జులిఫ్లోరా అయింది. జన్యువుల ఆధారంగా బంధుత్వాలు తేలుతున్న కొద్దీ ఇలాంటివి ఇంకా వస్తాయి.

అందుకే పేరు కంటే నమూనాను జాగ్రత్త చేయాలి. పట్టాలో పేరు మారినా సర్వే నంబరు ఉన్నట్టు, నమూనాకు మీరిచ్చిన నంబరు అలాగే ఉంటుంది. శాస్త్రంలో కూడా ప్రతి జాతి పేరూ ఎక్కడో ఒక హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోటు) దాచిన ఒక నమూనాకు ముడిపడి ఉంటుంది. అనుమానం వస్తే దాన్నే తీసి చూస్తారు.

నమూనా, లేబుల్

కొమ్మను న్యూస్‌పేపర్ మధ్య పరచండి. ఒక ఆకైనా వెనక వైపు కనిపించేలా తిప్పి పెట్టండి. ఒక పువ్వును విప్పి పక్కన అమర్చండి. పైన, కింద అట్టలు పెట్టి బరువు పెట్టండి. వానాకాలంలో పేపరు తేమ పీల్చుకుని బూజు పడుతుంది, కాబట్టి మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపర్లు మార్చాలి. ఈ ఒక్క పని బద్ధకించినవాళ్ల నమూనాలే నల్లబడతాయి. ఎండాక 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి తెల్ల షీటు మీద దారంతో కుట్టండి. రాలిన గింజలు, కాయలు చిన్న కాగితపు పొట్లంలో వేసి అక్కడే అతికించండి.

కుడి వైపు కింది మూలన లేబుల్. మీ నంబరు, తేదీ, శాస్త్రీయ నామం, కుటుంబం, ఊళ్లో పిలిచే పేరు, సేకరించిన చోటు, మొక్క ఎత్తు, పూల రంగు, మీ పేరు. చోటు రాసేటప్పుడు వరంగల్ అని వదిలేయకండి. ధర్మసాగర్ చెరువు కట్టకు ఏ వైపు, రోడ్డు నుంచి ఎంత దూరం అని రాస్తే ఇంకొకరు వెళ్లి అదే పొదను చూడగలగాలి.

తేలకపోతే

ప్రజాతి వరకే తెలిస్తే ప్రజాతి పేరు రాసి పక్కన ఎస్‌పి, చుక్క పెట్టండి. జాతి దాదాపు ఇదే అనిపించి ఖాయం కాకపోతే రెండు మాటల మధ్య సిఎఫ్, చుక్క. పరిశోధకులు రోజూ వాడే పద్ధతే ఇది, నామోషీ ఏమీ లేదు. నమూనాను కాకతీయ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో చూపించొచ్చు, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఫోటో ఒక్కటే కాకుండా షీటు, నోట్స్ రెండూ పట్టుకెళ్లండి.

ఒకవేళ అది నిజంగానే ఎవరూ పేరు పెట్టని జాతి అని వాళ్లు అంటే దారి పొడుగే. దగ్గరి జాతులన్నింటితో పోల్చి తేడాలు చూపాలి, ఒక నమూనాను ఆధారంగా ప్రకటించి హెర్బేరియంలో భద్రపరచాలి, లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ వర్ణన ప్రచురించాలి. 2012కు ముందు మొక్కలకైతే లాటిన్ తప్పనిసరి, ఇప్పుడు ఆ బాధ లేదు. పేరు మీకు నచ్చిన ఊరి మీదో, మీ గురువు మీదో పెట్టొచ్చు. మీ పేరు మీరే పెట్టుకుంటే మాత్రం తోటివాళ్లు నవ్వుతారు.